శ్రీదాముణ్ణి మోసిన గోపాలుడు

శ్రీమద్భాగవత దశమస్కంధంలోని పద్దెనిమిదవ అధ్యాయం పేరు చెప్పగానే శ్రోతలకు ప్రలంబాసుర వధ గుర్తుకు వస్తుంది. అసురుడు వచ్చాడు, బలరాముడు పిడికిలి బిగించి తలమీద మోదాడు, వాడు నెత్తురు కక్కుకొని కూలాడు అని రెండు మాటల్లో ముగించి పౌరాణికులు దావాగ్ని ఘట్టానికి సాగిపోతారు. నలభై సంవత్సరాలుగా పురాణం చెబుతున్న నేనూ చాలాకాలం అలాగే సాగిపోయాను. కాని ఆ వధకు ముందు వ్యాసభగవానుడు ఒక ఆటను వర్ణించాడు. దాని నియమాలను సైతం వివరంగా చెప్పాడు. భక్తులు ఆ భాగాన్ని ఒకసారి నిదానంగా చదువుకోవాలని నా మనవి.

అది గ్రీష్మం. అయినా బృందావనం వసంతంలో ఉన్నంత చల్లగా ఉంది. గోపబాలురు కుస్తీలు పట్టారు, కప్పల్లా గంతులు వేశారు, కళ్లు మూసుకొని దాగుడుమూతలు ఆడారు. ఆ గుంపులో గోపబాలుడి వేషంతో ప్రలంబుడు చేరాడు. సర్వజ్ఞుడైన స్వామి వాణ్ణి ఆనవాలు పట్టాడు. పట్టికూడా చెలికానిగా ఆటలోకి రానిచ్చాడు. పిమ్మట అందరినీ పిలిచి, వయసుకూ బలానికీ తగినట్లు జతలు కట్టి రెండు పక్షాలుగా విడిపోదామన్నాడు. ఒక పక్షానికి తాను, రెండవ పక్షానికి అన్నగారు నాయకులు. పందెం ఒక్కటే: ఓడినవారు గెలిచినవారిని వీపున మోయాలి. ఆవులను మేపుతూ, ఆడుకొంటూ భాండీరకమనే మర్రిచెట్టు వద్దకు చేరారు. బలరాముని పక్షం గెలిచింది. అప్పుడు, ముందుముందు ఏడురోజులపాటు గోవర్ధనగిరిని ఎత్తిపట్టబోయే స్వామి, శ్రీదాముడనే గొల్లపిల్లవాణ్ణి వీపున ఎక్కించుకొని మోశాడు. భద్రసేనుడు వృషభుణ్ణి మోశాడు. ప్రలంబుని వంతుకు బలరాముడు వచ్చాడు.

మోసేవాడు దింపవలసిన చోటు ఒకటి ముందుగానే నిర్ణయమై ఉంది. ప్రలంబుడు ఆ గుర్తు దాటి పరుగెత్తాడు. అసలు రూపం అక్కడ బయటపడింది. మోసినంతసేపూ వాడు కూడా ఆటగాడే. దింపవలసిన చోట దింపకపోవడంతోనే అసురుడని తేలిపోయాడు.

ఇరుగుపొరుగు గుళ్ల మధ్య, ఒకే దైవాన్ని కొలిచే రెండు వాడల మధ్య జరిగే ఆటలపోటీల గురించి రాయడానికి కూర్చున్నప్పుడు ఈ ఘట్టం లేకుండా మొదలుపెట్టలేకపోయాను. దేవుని సన్నిధిలో పోటీ ఏమిటని ముఖం చిట్లించే ఆస్తికులు ఉన్నారు. వారితో నాకు వాదం లేదు. భాండీరక వటం కింద స్వామి ఓడిన సంగతి మాత్రం వారికి గుర్తుచేస్తాను.

మాది మంఖాల్ పరిసరాలలోని ఒక చిన్న గ్రామం. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో చదివినవారికి చివరకు తెలుస్తుంది. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైనప్పటి నుంచి మా ప్రాంతాన్ని జనం ఆకాశం వైపు చూస్తూ గుర్తుపడుతున్నారు గాని, మా చిన్నతనంలో నేల చూసి గుర్తుపట్టేవారు. ఇది జొన్న చేను, అది సీతాఫలాల గుట్ట, ఆ దూరాన కనిపించేది మహేశ్వరం శివాలయానికి పోయే బాట. మా ఊరిలో ఆంజనేయస్వామి గుడి, అందులోనే సీతారాముల ఉత్సవమూర్తులు. మా తండ్రిగారు అర్చకులు. పొరుగూరిలో శివాలయం. రెండు ఊళ్ల నడుమ ఒక చెరువు. శ్రీరామనవమి నాటికి ఆ చెరువు ఎండి శిఖం భూమి బల్లపరుపుగా గట్టిపడి ఉండేది. కల్యాణం అయిన సాయంత్రం రెండు గుళ్ల పల్లకీలు అక్కడికి వచ్చేవి. ఆ పల్లకీల ఎదుట రెండు భజన మండలుల కుర్రవాళ్లు కబడ్డీ ఆడేవారు.

బహుమతి ఒక కొబ్బరికాయ, ఒక పసుపు కండువా. కాని అసలు పందెం అది కాదు. ఓడిన ఊరి కుర్రవాళ్లు గెలిచిన ఊరి స్వామి పల్లకిని భుజాన మోసి పొలిమేర రాయి దాకా తీసుకుపోవాలి. అక్కడ ఆ ఊరివాళ్లు భుజం మార్చుకొంటారు. తరువాత రెండు ఊళ్లవాళ్లూ అక్కడే కూర్చొని పానకం తాగి, వడపప్పు తిని, చీకటి పడ్డాక ఎవరి దారిన వారు వెళతారు. భాగవతం చదివిన ఏ పెద్దమనిషి ఈ పద్ధతిని పెట్టాడో మాకు ఎవరూ చెప్పలేదు. చదవకపోయినా పెట్టి ఉండవచ్చు. పల్లెవాళ్లకు కొన్ని సంగతులు పురాణం వినకముందే తెలుసు.

పిడకలు, ప్రభలు, పిడిగుద్దులు

ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు. తెలుగునేలపై ఎటుచూసినా ఇటువంటివి కనిపిస్తాయి. తిరుమలలోనే చూడండి. గోకులాష్టమి మరునాడు ఉట్లోత్సవం. శ్రీ మలయప్పస్వామివారు, శ్రీకృష్ణస్వామివారు మాడవీధులలో వేంచేసి ఉండగా యువకులు జట్లుగా విడిపోయి ఉట్టి కొట్టడానికి పోటీపడతారు. రాయలసీమ పల్లెల్లో ఉట్లమాను పాతి, దాని నిండా జారుడు పూసి, పైనుంచి నీళ్లు పోస్తూ ఉంటే ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి పైకి పాకుతారు. జారిపడినవాణ్ణి చూసి నవ్వనివారు ఉండరు. ఆ పడినవాడే మళ్లీ లేచి, తన భుజం మీదికి మరొకణ్ణి ఎక్కించుకొంటాడు.

అన్నింటిలోకి నాకు విచిత్రంగా తోచేది కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పల గ్రామంలోని పిడకల సమరం. ఉగాది మరునాడు జరుగుతుంది. ఒక పక్షం వీరభద్రస్వామి వారిది, రెండవ పక్షం కాళికాదేవి అమ్మవారిది. స్వామికీ అమ్మవారికీ మధ్య పెళ్లి మాట నడిచిందట. స్వామి ఆ మాటను వాయిదా వేస్తూ వచ్చాడట. అమ్మవారి తరఫువారికి కోపం వచ్చి, అయ్యవారిని పేడ పిడకలతో కొట్టి బుద్ధి చెబుదామని కాచుకొన్నారట. అయ్యవారి తరఫువారు మాత్రం ఊరుకొంటారా? పొరుగున ఉన్న కారుమంచి గ్రామం నుంచి రెడ్డి వంశస్థుడు ఒకరు గుర్రమెక్కి మేళతాళాలతో వచ్చి ఆలయంలో పూజ చేస్తారు. ఆయన వెళ్లగానే ముందే కుప్పలుగా పోసి ఉంచిన పిడకలు గాలిలోకి లేస్తాయి. ఊరంతా దుమ్ము. పక్కవాడు కూడా కనిపించడు. దెబ్బలు తగిలినవారు గుడికి వెళ్లి స్వామి విభూతి పూసుకొంటారు. అంతటితో తగాదా పెద్దల పంచాయితీకి వస్తుంది. స్వామివారికీ అమ్మవారికీ కల్యాణం చేస్తారు.

ఇందులోని ఔచిత్యం గమనించండి. నిన్న పిడకలు విసురుకొన్న రెండు పక్షాలూ నేడు పెళ్లివారు. ఒకరు మగపెళ్లివారు, మరొకరు ఆడపెళ్లివారు. వియ్యంకుల మధ్య ఎత్తిపొడుపులు ఉండవచ్చు గాని పగ ఉండరాదు కదా! దింపవలసిన గుర్తు అక్కడ కల్యాణ మంటపం.

నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలోని హున్సా గ్రామంలో హోళీనాటి సాయంత్రం పిడిగుద్దులాట ఆడతారు. నూరేళ్లు దాటిన ఆచారం. గ్రామస్థులు రెండు వర్గాలై, నడుమ కట్టిన తాడును ఒక చేత్తో పట్టుకొని రెండవ చేత్తో గుద్దుకొంటారు. తాడు వదలరాదు. ఆట కొద్ది నిమిషాలే. ముగిశాక కౌగిలించుకొంటారు. గాయాలకు కామదహనపు బూడిద రాసుకొంటారు. పోలీసువారు అభ్యంతరం చెప్పిన సంవత్సరాలు ఉన్నాయి. వారి భయం అకారణమని నేను అనను. అయితే ఆ తాడును చూడండి. అటువాడు ఇటు రాకుండా, ఇటువాడు అటు పోకుండా అదే ఆపుతున్నది. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే తాడు.

తెలంగాణ పల్లెల్లో జాతర అంటే చివరిరోజు కుస్తీలు ఉండవలసిందే. నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాలలో ఇప్పటికీ చూడవచ్చు. మొదటి కుస్తీకి బహుమతి కొబ్బరికాయ. దానికి చిన్నపిల్లలు దిగుతారు. తరువాత రూపాయలు పెరుగుతూ పోయి చివరి కుస్తీకి వెండి కడెం. చుట్టుపక్కల పది ఊళ్ల పహిల్వాన్లు వస్తారు. గోదాలో అడుగుపెట్టేవాడు మట్టిని కళ్లకు అద్దుకొంటాడు, ఎదుటివాడితో చేయి కలుపుతాడు. వీపు నేలకు తగిలిందా, లేదా అన్నదే తీర్పు. తగిలినవాణ్ణి తగిలించినవాడే చేయందించి లేపుతాడు. ఆ కొబ్బరికాయ గెలిచిన పిల్లవాడి ముఖం చూశారా ఎప్పుడైనా? వెండి కడెం గెలిచినవాడి ముఖంలో ఆ వెలుగు ఉండదు.

గుడికీ గుడికీ మధ్య పోటీ అంటే మాత్రం కోనసీమ చూడాలి. కనుమ నాడు మొసలపల్లి గ్రామంలోని జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలపై వేంచేస్తారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి, పుల్లేటికుర్రు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఆతిథ్యమిచ్చే మొసలపల్లి. వెదురుతో కట్టి, రంగురంగుల వస్త్రాలతో అలంకరించిన ఆ ప్రభలు ఎవరివి ఎత్తు, ఎవరివి అందం అన్న పంతం ఊరూరా ఉంటుంది. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశికను దాటి రావాలి. అంత బరువును భుజాన ఎత్తుకొని, నీళ్లలో అడుగు తడబడకుండా, ప్రభ ఒరగకుండా ఒడ్డెక్కించే ఆ కుర్రవాళ్లను చూడడానికే వేలమంది గట్లమీద నిలబడతారు. ఏ క్రీడాకారుడికీ తీసిపోని సాధన అది. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే కదిలింది.

ఇంత పంతం ఉన్నా, సభకు అధ్యక్షుడైన వ్యాఘ్రేశ్వరస్వామి ప్రభ తోటలోకి రాగానే మిగిలిన ప్రభలనన్నింటినీ ఒక్కసారి పైకి లేపి గౌరవం చూపుతారు. ఎదుటి గుడి స్వామికి మన స్వామి లేచి నిలబడడమన్నమాట.

ఇక దేవరగట్టు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో, కొండమీది మాళమల్లేశ్వరుల కల్యాణం అయిన పిదప, విజయదశమి రాత్రి ఉత్సవమూర్తుల కోసం గ్రామాలకు గ్రామాలే కర్రలు పట్టి తలపడే బన్ని ఉత్సవం. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు ఒక పక్షం, చుట్టుపక్కల గ్రామాలవారు రెండవ పక్షం. అక్కడా నియమం ఉంది. ఒకరిపై ఒకరికి పగ లేదని, కలిసిమెలిసి ఉంటామని పాలమీద చేయి ఉంచి ప్రమాణం చేస్తారు. దానిని పాలబాస అంటారు. దీక్షాకంకణం కట్టుకొని మద్యమాంసాలు మానుతారు. ఇంత చేసినా ఏటా పదులకొద్దీ తలలు పగులుతున్నాయి. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. చీకటిలో, దివిటీల పొగలో, దీక్ష లేనివాడు తాగి వచ్చి, ఇనుప కట్లు వేసిన కర్ర పట్టుకొని, భూమి తగాదానో మరొకటో మనసులో పెట్టుకొని గుంపులో చేరితే వాణ్ణి ఎవరు గుర్తుపట్టాలి? గోపబాలుడి వేషంలో చేరినవాణ్ణి స్వామి గుర్తించాడు గాని మనకు ఆ చూపు లేదు. పాలబాస చేసినవారిని నేను తప్పుపట్టను. చేయనివాడి చేతికి కర్ర అందనీయడం తప్పు అంటాను. పెద్దలకు ఇది నచ్చకపోవచ్చు.

పరదేశపు ప్రార్థనాలయాలు

ఇటువంటిది మన దేశానికే పరిమితమని అనుకోరాదు. ఇటలీలోని సియెనా పట్టణంలో ఏటా జులై 2న, ఆగస్టు 16న గుర్రపు పందెం జరుగుతుంది. పట్టణంలో 17 పేటలు. ప్రతి పేటకూ దాని ప్రార్థనాలయం ఉంది. పందేనికి ముందు గుర్రాన్ని ఆ ప్రార్థనాలయం లోపలికే తీసుకుపోయి పురోహితుడు ఆశీర్వదిస్తాడు. మన వాహనపూజ వంటిదే.

ఇంగ్లండులో మరొక ముచ్చట. నేడు లోకమంతా పేరున్న ఫుట్‌బాల్ జట్లలో కొన్ని చర్చి మనుషులు పెట్టినవే. లివర్‌పూల్ నగరంలోని ఎవర్టన్ జట్టు 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు ప్రార్థనాలయం పేరుతో పుట్టింది. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విల్లా జట్టును 1874లో విల్లా క్రాస్ వెస్లియన్ ప్రార్థనాలయానికి చెందిన కుర్రవాళ్లు పెట్టుకొన్నారు. వేసవిలో క్రికెట్ ఆడేవారు, చలికాలంలో ఊరుకోలేక ఇది మొదలుపెట్టారు. వారి తొలి ఆట పక్కనే ఉన్న ఆస్టన్ బ్రూక్ సెయింట్ మేరీ జట్టుతో. చిక్కు ఏమిటంటే, పొరుగు జట్టువారు ఆడేది రగ్బీ, వీరు ఆడేది ఫుట్‌బాల్. ఒకరి నియమాలు మరొకరికి రావు. మనవాళ్లయితే ఈ మాట మీదే ఆట ఆగిపోయేది. వారు ఒక ఒప్పందానికి వచ్చారు. సగం ఆట రగ్బీ పద్ధతిలో, మిగిలిన సగం ఫుట్‌బాల్ పద్ధతిలో! ముందు పొరుగువాడి పద్ధతిలో ఆడి, ఆ తరువాతనే తమ పద్ధతికి వచ్చారు. ఇంతటి మర్యాదను నేను శైవ వైష్ణవ వాదాలలో ఎక్కడా చూడలేదు.

మన పల్లెల్లో గుడి వెనుక ఖాళీస్థలంలో వల కట్టి సాయంత్రాలు ఆడే వాలీబాల్‌ను కూడా 1895లో అమెరికాలోని హోల్యోక్‌లో ఒక క్రైస్తవ యువజన సంఘపు వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గాన్ కనిపెట్టాడు. ఆ సంగతి తెలిసినంత మాత్రాన ఆంజనేయస్వామి గుడి వెనుక ఆ వల తీసేయవలసిన పని లేదు. బంతి ఎవరి చేతి నుంచి వచ్చినా అందుకోవడమే ఆట.

గీత మీద వేలు

ఇప్పుడు మా ఊరి ముచ్చటకు వస్తాను. ఇన్ని ఊళ్లు తిరిగి వచ్చింది ఒక విధంగా ఈ మాట చెప్పడానికి జంకి.

1982 శ్రీరామనవమి. నాకు ఇరవై రెండేళ్లు. వేదపాఠశాలలో చదువు ముగించుకొని ఇంటికి వచ్చాను. కబడ్డీ తీర్పరిగా అంతకుముందు ఉన్న పెద్దాయనకు చూపు మందగించింది. రెండు ఊళ్లవాళ్లూ నన్ను కూర్చోమన్నారు. వేదం చదువుకొన్నవాడు అబద్ధం ఆడడని వారి నమ్మకం. మధ్యగీత కొసన ముక్కాలిపీట వేశారు.

ఆట చివరికి వచ్చేసరికి రెండు పక్షాలూ సమానం. శివాలయం పక్షాన ఒక గొల్ల కుర్రవాడు చివరి కూతకు వచ్చాడు. మా వాళ్లలో ఒకణ్ణి తాకాడు, వెనుదిరిగాడు. నలుగురు మీద పడ్డారు. కూత ఆగలేదు. మట్టిలో పాకుతూ, నలుగురినీ ఈడ్చుకొంటూ చేయి చాచాడు. అతడి నడిమివేలు గీతను తాకింది. సున్నం వేలికి అంటింది. ఆ తరువాతనే కూత తెగింది. నాకు మూరెడు దూరంలో జరిగింది.

మా ఊరు ఊరంతా ఒక్కసారి అరిచింది. మా మేనమామ అరిచాడు, నాతో చదువుకొన్నవాళ్లు అరిచారు. పల్లకిలో మా స్వామి ఉన్నాడు. నేను చేయెత్తి ఔట్ అన్నాను.

ఆ కుర్రవాడు లేచి నావైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. మిగిలినవాళ్లు గొడవకు దిగబోతే వారిని ఆపి, నేరుగా వెళ్లి మా సీతారాముల పల్లకి కొమ్మును భుజానికి ఎత్తుకొన్నాడు. ఆటలో ఓడినవాళ్లు మోయాలి, అంతే. పొలిమేర రాయి దగ్గర పల్లకిని మా వాళ్లకు అప్పగించారు. పానకానికి మాత్రం కూర్చోలేదు. బిందెలు బిందెలు అలాగే మిగిలిపోయాయి.

ఆ రాత్రి మా తండ్రిగారు సంధ్య ముగించి నన్ను పిలిచారు. వారు ఆట చూడలేదు, నా ముఖం చూశారు. "నాయనా, నీ కళ్లు చూసినదాన్ని నీ నోరు చెప్పలేదు. ఈ రెండింటినీ మళ్లీ కలపవలసింది నీవే. నేను ఏ ప్రాయశ్చిత్తం చెప్పినా అది దీనికి బదులు కాదు" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. 1991లో వారు శివసాయుజ్యం పొందారు. నేను కలపలేదు.

మరుసటి ఏడు పొరుగూరి పల్లకి రాలేదు. ఆ తరువాత మేమూ పిలవలేదు. పగ కొన్నాళ్లే నిలిచింది. మిగిలిన కాలమంతా అలవాటు. ఈలోగా విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. దాని వెంట ఔటర్ రింగురోడ్డు వచ్చింది, వెంచర్లు వచ్చాయి, పరిశ్రమల షెడ్లు వచ్చాయి. చేలల్లో హద్దురాళ్లు మొలిచాయి. చెరువు శిఖంలో ఆడే పిల్లలు లేరు, ఆడడానికి శిఖమూ సగమే మిగిలింది. అక్కడక్కడ నవమికి టోర్నమెంట్లు పెడుతున్నారు. వేలకువేలు బహుమతులు, పట్నం నుంచి డబ్బిచ్చి తెప్పించిన ఆటగాళ్లు, చాటుగా పందేలు. ఊరికి ఊరితో పని లేదు. ఓడినవాడు జీపెక్కి పోతాడు. పల్లకి ఎవరు మోయాలి?

2021 కార్తీకమాసంలో మంఖాల్ దగ్గర ఒక కొత్త ఇంటి గృహప్రవేశానికి, సత్యనారాయణవ్రతానికి నన్ను పిలిచారు. కట్టించుకొన్నవాడు విమానాశ్రయం దగ్గర కారు నడిపే యువకుడు. దంపతులు పీటలమీద కూర్చున్నారు. వారి వెనుక గోడకు ఆనుకొని ఆ యువకుని తండ్రి కూర్చొని ఉన్నాడు. జుట్టు నెరిసింది గాని ఆ చూపు మారలేదు. సంకల్పం చెబుతూ నా గొంతు ఒకచోట ఆగింది. యజమాని మంత్రం మరిచిపోయాననుకొని ఉంటాడు.

ప్రసాదాలు అయ్యాక, జనం పలచబడ్డాక, ఆయన పక్కన కూర్చొని చెప్పాను. ముప్పై తొమ్మిది సంవత్సరాల క్రితం మీ వేలు గీతకు తగిలింది, నేను చూశాను అన్నాను. ఇంకేమి చెప్పాలో తోచలేదు.

ఆయన కాసేపు ఊరుకొని, "నా వేలు తగిలింది నాకెరుకే అయ్యగారూ. మీరు సూసిండ్రని గూడ నాకెరుకే" అన్నాడు.

"మరి ఆనాడు మా పల్లకి ఎందుకు మోశారు?"

"మిమ్ముల మోసిన్నా ఏంది? దేవుణ్ణి మోసిన. దేవుడేం జేసిండు?"

నేను తలవంచుకొన్నాను. ఆయన నా విస్తరిలో మరో లడ్డు వేయించాడు. తరువాత తన చెప్పులు వెతుక్కొంటూ, నవ్వుతూ, "అయితే ఒక ఆట బాకీ ఉన్నరు మీరు" అన్నాడు.

2022 శ్రీరామనవమి సాయంత్రం ఆ బాకీ తీర్చుకొన్నాం. శిఖం లేదు గనుక, ఒక వెంచరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని అడిగి తీసుకొన్నాం. రెండు పల్లకీలూ వచ్చాయి. మాది ట్రాక్టరు మీద, వారిది నడిచి. బయటి ఆటగాళ్లు వద్దని, బహుమతి కొబ్బరికాయ, కండువాలే అని ముందే అనుకొన్నాం. తీర్పరిగా నన్నే కూర్చోమని ఆయన పట్టుబట్టాడు. మా ఊరివాళ్లు సందేహించారు, ఆయన వినలేదు. కుర్చీని మధ్యగీతకు ఎంత దగ్గరగా వేశారంటే, నా పాదాలు సున్నం మీద ఆనుతున్నాయి.

మా ఊరు ఓడింది. ఏ సందేహమూ లేకుండా ఓడింది.

మా కుర్రవాళ్లు వెళ్లి పార్వతీపరమేశ్వరుల పల్లకిని ఎత్తుకొన్నారు. మా పద్నాలుగేళ్ల మనుమడికి కొమ్ము భుజానికి అందలేదు; చేయి పైకి చాచి ఆనించి నడిచాడు. వెనుక నేను, ఆయన. కొంతదూరం పోయాక ముందువాళ్లు ఆగి వెనుదిరిగి చూశారు. పొలిమేర రాయి సర్వీసు రోడ్డు కిందికి ఎప్పుడో పోయింది. పల్లకిని ఎక్కడ దింపాలో ఆ పిల్లలలో ఎవరికీ తెలియదు. రెండు ఊళ్ల పెద్దలూ తలా ఒక చోటు చూపించారు. రాయి ఇక్కడుండేదని ఒకరు, కాదు ఇంకా అవతల అని ఒకరు. పల్లకి భుజాలమీదనే ఉంది. పైన విమానం ఒకటి దిగుతున్నది. ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

ఆయన ముందుకు వెళ్లి, రోడ్డు పక్కన ఉన్న కరెంటు స్తంభం మొదట్లో కొబ్బరికాయ కొట్టాడు. మా వాళ్లు అక్కడ భుజం మార్చారు. స్తంభం చుట్టూ చాపలు పరిచి, పానకం బిందెలు దింపారు.